పరిగె ఏరే బాపమ్మ మీద నేను చేసిన పరిశోధన

ఆ రోజుల్లో, అంటే మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ పట్టా చేతికొచ్చి కళ్ళు నెత్తికెక్కి ఉన్న రోజుల్లో, లోకంలో ప్రతి ‘ఎందుకు’కూ ఒకే ఒక్క సరైన జవాబు ఉంటుందనీ, అది ఏదో ఒక పుస్తకంలో ఎడమవైపు పేజీలో అడుగున ఉంటుందనీ నాకు గట్టి నమ్మకం. హాస్టల్ ఖాళీ చేసి రెండు సంచుల నోట్సుతో ఆర్మూర్‌లో బస్సు దిగిన రోజు నుంచి మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. అమ్మ పాలు తోడుపెడుతుంటే పక్కన నిలబడి ఆ గిన్నెలో ఏ జీవి ఏం చేస్తోందో వివరించేదాన్ని. బాపు చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ఆ మట్టిలో కాపురముంటున్న వాళ్ళందరినీ పేరుపేరునా పరిచయం చేసేదాన్ని. “నువ్వు రాకముందుగల్ల మేం పెరుగే తినలేదానే?” అని అమ్మ ఒకరోజు అడిగింది. నేను ఆ మాటను అజ్ఞానం కింద జమకట్టాను. (ఇప్పుడు ఎనిమిదేళ్ళ నా కూతురు నాకు ఫోను వాడడం నేర్పుతుంటే, అమ్మ అప్పట్లో గరిటె ఎందుకు విసరలేదా అని ఆశ్చర్యపోతుంటాను.)

మా ఇల్లు ఊరి చివర, ఆలూర్ పోయే దారిలో. ఇంకాస్త ముందుకుపోతే చేను. పసుపు, ఆ తర్వాత మక్కజొన్న, మళ్ళీ పసుపు. మా బాపుకు పసుపు పండించడంలో కంటే పసుపు విత్తనం కాపాడడంలో పేరు. చేను తవ్వగానే గట్టి కొమ్ములు ఏరి, వేరే కుప్పపోసి, మీద ఆకు కప్పి, పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకునేవాడు. మోర్తాడ్ దాకా ఆయన విత్తనం కోసం మనుషులు వచ్చేవారు. “మా విత్తనంల పరాయి కొమ్ము ఒక్కటి దొర్కది” అని ఆయన అనేవాడు. అనేటప్పుడు మీసం మీదికి చెయ్యి దానంతట అదే పోయేది.

ఊళ్ళోనే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పే ఉద్యోగం ఖాళీ అయింది. అది దొరికితే ఇంట్లో తిని, నడుచుకుంటూ వెళ్ళి పాఠం చెప్పి రావచ్చు. దొరకకపోతే హైదరాబాద్ పక్కన ఒక మందుల కంపెనీలో షిఫ్టు పని, హాస్టల్ గదిలో ఆరుగురిలో ఒకదాన్ని. ఆ కంపెనీ పంపిన కాగితం అప్పటికే మా టీవీ మీద ఉంది. నాకు వెళ్ళాలని లేదు, అస్సలు లేదు. రెండేళ్ళపాటు హాస్టల్ సాంబారు తాగాక (సాంబారు అన్నది వాళ్ళు పెట్టిన పేరు) ఇంటి మీద నాకు పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు. అమ్మతో రోజూ పోట్లాడాలన్నా ఇంట్లోనే ఉండాలి కదా! బాపు మాత్రం ఉద్యోగం వచ్చేసిందనే అనుకున్నాడు. మార్కెట్ యార్డులో ఎదురైన ప్రతివాడికీ “మా బిడ్డ గీ ఊర్లనే లెక్చరర్ అయితుంది” అని చెప్పి, ఇద్దరు ముగ్గురికి చాయ్ కూడా తాగించాడు.

సోమవారం డెమో క్లాసు. ప్రిన్సిపాల్ సార్ వెనక బెంచీలో కూర్చుని అంశం చెప్పారు: బాక్టీరియా తమ చుట్టూ పడివున్న డీఎన్‌ఏను లోపలికి తీసుకోవడం. నాకు అది కొట్టిన పిండి. ఒక బాక్టీరియా చచ్చి పగిలిపోతే దాని డీఎన్‌ఏ పోగులు బయటపడి నీళ్ళలో, మట్టిలో, మన గొంతులో అలా పడివుంటాయి. బతికున్న పొరుగు బాక్టీరియా ఆ పోగును పట్టుకుని, జంట పోగుల్లో ఒకదాన్ని ముక్కలు చేసి, రెండోదాన్ని లోపలికి గుంజుకుంటుంది. వీలు కుదిరితే తన డీఎన్‌ఏలోనే అతికించుకుంటుంది. ఇదంతా నాలుగు రంగుల సుద్దముక్కలతో బోర్డు మీద గీసి, చేతులు దులుపుకుని, చప్పట్ల కోసం ఒక్క క్షణం ఆగాను. ముందు బెంచీలో రెండు జడల అమ్మాయి చెయ్యెత్తింది.

“మేడం, ఎట్ల తీసుకుంటదో సమజైంది. గని ఎందుకు తీసుకుంటది మేడం?”

“కొత్త గుణాల కోసం” అన్నాను, ఇంతేనా అన్నట్టు.

“గా పోగుల మంచి గుణం ఉన్నదని దానికి ముందుగల్లనే ఎట్ల తెలుస్తది మేడం? అది చచ్చినదాని దగ్గరి నుంచి కదా తీసుకునుడు. గా గుణం గంత మంచిదైతే, అది ఎందుకు చచ్చింది మరి?”

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, ఏడుపుకు ముందు వచ్చే నవ్వు. ఎలా అన్నదానికి నా దగ్గర నూట ఇరవై పేజీల నోట్సు ఉంది. ఎందుకు అన్నదానికి అందులో ఒక్క ముక్క లేదు. నేను గొంతు సవరించుకోవడం, బోర్డు తుడవడం, తుడిచిన బోర్డునే మళ్ళీ తుడవడం ప్రిన్సిపాల్ సార్ ఓపిగ్గా చూశారు. బయటికి వచ్చాక మాత్రం మెత్తగానే చెప్పారు: “వచ్చే సోమవారం ఇంకొకసారి రాండమ్మా. ఆ పాప అడిగినదానికి జవాబు చెప్పండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. అదే రోజు ఇంకో క్యాండిడేట్ కూడా వస్తున్నడు.” మెత్తటి కత్తి అంటే అదే.

ఇంటికి వచ్చి పుస్తకాలన్నీ చాపమీద పరిచాను. తీరా చూస్తే పెద్దవాళ్ళు ఈ విషయం మీద ఎప్పటినుంచో తగువులాడుకుంటున్నారు. ఒకరు అంటారు, తినడానికే, డీఎన్‌ఏ అయినా ఏదైనా కడుపులోకి వెళ్తే ఆహారమే అని. ఇంకొకరు అంటారు, కాదు, తన డీఎన్‌ఏ ఎక్కడైనా దెబ్బతింటే ఆ చోట అతుకు వేసుకోవడానికి అని. మూడోవారు అంటారు, కొత్త గుణం దొరుకుతుందేమో చూడడానికి అని. ఎవరి మాట వింటే వాళ్ళదే నిజమనిపిస్తోంది. మూడు జవాబులు పట్టుకుని క్లాసుకు వెళ్తే ఆ రెండు జడల పిల్ల నన్ను బతకనిస్తుందా? ఒక్కటి తేలాలి. సోమవారంలోగా తేలాలి. లేకపోతే ఆరుగురి గది.

సరిగ్గా ఆ సాయంత్రమే మా బాపమ్మ, అంటే బాపు వాళ్ళమ్మ, కొంగులో పరిగె కట్టుకుని వాకిట్లోకి వచ్చింది. చేను తవ్వి పంట ఎత్తుకుపోయాక మట్టిలో మిగిలిపోయిన కొమ్ములు ఏరుకోవడమే పరిగె. లేనివాళ్ళు ఏరుకుంటారు, చేనుగలవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. కానీ మా బాపమ్మకు సొంత కొడుకు చేను ఐదెకరాలు పసుపు. అయినా తవ్వకాల రోజులు రాగానే ఆమె కాలు ఇంట్లో నిలిచేది కాదు. “ఐదెకరాల పసుపు వెట్టుకోని మంది చేన్లల్ల పరిగె ఏరుడేందే అవ్వా? ఇజ్జత్ తీస్తున్నవ్” అని బాపు మొత్తుకునేవాడు. ఆమెకు ఆ మాట చెవిటిచెవిన పడేది. (మంచి చెవి ఏదో మాకెప్పుడూ తెలియలేదు.)

ఆ రోజు అమ్మ అడిగింది, “గివన్ని ఎందుకు అత్తమ్మా?” అని. “నూరుకోని తిననీకి. మనది అమ్ముకానికి, గిది తినుడుకు” అంది బాపమ్మ. కాసేపటికి పక్క చేనువాడు, మేం ట్రాక్టర్ మామ అని పిలిచే మనిషి, గేటు దగ్గర ఆగి “ఏందత్తా, నా చేన్ల ఏమన్న మిగిలిచ్చినవా?” అని నవ్వాడు. “నీ కొమ్ము జర లావున్నది రా, పెరట్ల వెట్టి చూస్త, ఎట్లొస్తదో” అంది. ఆ తర్వాత గోడ అవతలి ముసలమ్మ అడిగితే, “పోయిన కాడ పూడ్చనీకి అక్కా” అంది. నేను చాపమీద పుస్తకాల మధ్య బిగుసుకుపోయాను. తినడానికి, కొత్త రకానికి, పోయినచోట పూడ్చడానికి. పుస్తకంలో ఉన్న మూడు జవాబులూ ఒక్క సాయంత్రంలో మా వాకిట్లోకే వచ్చాయి!

వెంటనే వెళ్ళి, “బాపమ్మా, నిజం చెప్పు, ఎందుకు ఏరుతావు?” అని నిలదీశాను. “నీకెందుకే పోరీ, పో, సదువుకో” అంది. సరే, నోటిమాటతో పని లేదు, ప్రయోగం చేద్దాం అనుకున్నాను. ఈ మూడింట్లో ఒకటే అసలుది, మిగతా రెండూ జనం నోరు మూయించే సాకులు. ఆమె ఏరిన కొమ్ములు చివరికి ఎక్కడ తేలుతాయో చూస్తే సరి. యూనివర్సిటీలో ఒక పదార్థం ఎటు వెళ్తుందో తెలుసుకోవాలంటే దానికి గుర్తు తగిలించి వదులుతారు. నా దగ్గర ఆ సామాన్లేవీ లేవు. ఒక పెళ్ళికి కొనుక్కున్న ఎర్రటి నెయిల్ పాలిష్ సీసా ఉంది.

మంగళవారం తెల్లారగానే ట్రాక్టర్ మామ చేలోకి వెళ్ళి, తవ్విన మట్టిలో వెతికి ఇరవై కొమ్ములు పోగేశాను. చున్నీతో తుడిచి, ఒక్కొక్కదాని మీద ఎర్రచుక్క పెట్టి, ఊది ఆరబెట్టి, మళ్ళీ మట్టిలో అక్కడక్కడా పారేస్తున్నాను. పద్దెనిమిదోది ఊదుతుండగా ట్రాక్టర్ మామ చెంబుతో అటుగా వచ్చాడు.

“ఏం జేస్తున్నవ్ బిడ్డా?”

“గోర్లకు రంగేసుకుంటున్న మామా.”

ఆయన నా గోళ్ళ వైపు చూశాడు. వాటికి మట్టి తప్ప ఏమీ లేదు. “ఇంట్ల జాగ లేదా?” అని మాత్రం అడిగి, ఎమ్మెస్సీ చదివితే ఇలాగే అవుతుంది కాబోలు అన్నట్టు తల ఆడించి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం బాపమ్మ కొంగు నిండా పరిగెతో వచ్చింది. ఎర్రచుక్కలు ఆమె కంట పడలేదు, ఆమెకు రెండు కళ్ళలోనూ శుక్లాలు, కొమ్ము మంచిచెడ్డలు వేళ్ళతో తడిమే చూసేది. ఇలా అనడానికి నాకు ఇప్పుడు సిగ్గుగా ఉంది కానీ, అప్పుడు నా నోట్సులో దాన్ని ‘ప్రయోగానికి అనుకూలం’ అని రాసుకున్నాను.

గురువారం డాబా మీద చాపలో ఉడకబెట్టి ఎండేసిన కొమ్ముల్లో ఏడు ఎర్రచుక్కలు దొరికాయి. తినడానికే! సోమవారం జవాబు దొరికిందని పాట పాడుకుంటూ కిందికి దిగితే, పెరట్లో నల్లా పక్కన పగిలిన బకెట్టు మట్టిలోంచి మరో ఎర్రచుక్క నన్ను చూసి నవ్వుతోంది. తవ్వితే మొత్తం ఐదు. అంటే కొత్త రకం కోసం కూడా! పాట ఆగిపోయింది. మిగిలిన ఎనిమిది ఎటు పోయాయో ఇల్లంతా వెతికినా తెలియలేదు. అవి ఎక్కడ ఎక్కువ తేలితే అదే అసలు కారణమని నిర్ణయించుకుని, లెక్క తేలలేదని దిగులుపడి పడుకున్నాను.

శుక్రవారం మోర్తాడ్ నుంచి ఒక పెద్దమనిషి విత్తనం చూడడానికి వచ్చాడు. ఏళ్ళ తరబడి బాపు దగ్గరే విత్తనం తీసుకునే మనిషి. బాపు ఆకు పక్కకు జరిపి, మీసం దువ్వి, ఒక గంప ఎత్తి ఆయన ముందు బోర్లించాడు. పెద్దమనిషి ఒక కొమ్ము తీశాడు, తిప్పాడు, దగ్గరికి పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు.

“తమ్మీ, గీ ఎర్ర మచ్చేంది?”

నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. ఎనిమిదీ ఎక్కడున్నాయో ఆ క్షణంలో తెలిసిపోయింది. బాపు కొమ్ము అందుకుని గోకాడు, వాసన చూశాడు. రెండో గంపలో ఇంకో మచ్చ, మూడో గంపలో ఇంకోటి. “గిదివరకెన్నడు చూడలే” అన్నాడు పెద్దమనిషి, కొమ్ము కిందపెట్టి చేతులు పంచెకు తుడుచుకుంటూ. ట్రాక్టర్ మామ వచ్చాడు, తన చేలోనూ అలాంటివి రెండు కనబడ్డాయన్నాడు. (అంటే విత్తనంలో ఉన్నవి ఎనిమిది కాదు, ఆరన్నమాట. నా ప్రయోగాలన్నీ అలాంటివే.) ఆయనే ఫోటో తీసి పసుపు రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అంతే! మధ్యాహ్నానికి ఎర్రమచ్చ రోగం ఆర్మూరంతా పాకింది. ఒకరు ఫలానా మందు కొట్టమన్నారు, ఒకరు అది కొడితే చేనే పోతుందన్నారు, ఇంకొకరు గాలిలో వస్తుందన్నారు. దుబాయ్‌లో ఉన్న మా చిన్నబాపు కొడుకు ఫోన్ చేసి “మన పసుపుకు ఏదో కొత్త రోగమట గద, ఇక్కడ మా క్యాంపుల అందరు అడుగుతున్నరు” అన్నాడు.

అప్పుడు ఎవరో మంచి మాట అన్నారు: “మీ బిడ్డ గదే సదివింది కద, ఆమెకు చూపెట్టుండ్రి.” బాపు ముఖంలో అంత దుఃఖంలోనూ ఒక వెలుగు వచ్చింది. ఆ కొమ్మును స్టీలు పళ్ళెంలో పెట్టి, అంటుకుంటుందేమోనని మీద రుమాలు కప్పి, రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరికి తెచ్చాడు. వెనక పదిమంది. “చూడు బిడ్డా, గిదేం రోగం?” నేను నా సొంత నెయిల్ పాలిష్‌ను భూతద్దం పెట్టి రెండు నిమిషాలు పరీక్షించాను. నిజం చెప్తే బాపమ్మ ఏరిన పరాయి కొమ్ములు ఆయన విత్తనంలో ఉన్నాయన్న సంగతి పదిమందిలో బయటపడుతుంది. “ల్యాబులో చూడాలి, రేపు చెప్తాను” అన్నాను. అందరూ గౌరవంగా తలలూపారు. నా చదువుకు దొరికిన మొదటి గౌరవం అదే, అదీ అబద్ధానికి. ఆ పూట బాపు కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినకుండా లేచిపోయాడు. నేను అది చూశాను. అంతవరకు నాకు ఉద్యోగం పోతుందనే భయం. అప్పుడు మొదటిసారి నా మీద నాకే అసహ్యం వేసింది.

శనివారం పొద్దున అందరూ మళ్ళీ వాకిట్లో చేరారు. మోర్తాడ్ పెద్దమనిషి కూడా వచ్చాడు, రోగం పేరు తెలుసుకుని పోదామని. నేను లోపలినుంచి దూదీ, నెయిల్ పాలిష్ తుడిచే మందూ తెచ్చి, పళ్ళెంలో కొమ్మును తీసుకుని రెండుసార్లు రుద్దాను. రోగం పోయింది. సోమవారం నుంచీ జరిగిందంతా చెప్పేశాను, కాలేజీ, రెండు జడల పిల్ల ప్రశ్న, బాక్టీరియా, డాబా, బకెట్టు. చెప్పి, బాపమ్మ వైపు చూడలేక తల వంచుకున్నాను.

ట్రాక్టర్ మామ, “గోర్లకు అన్నవ్ కద బిడ్డా!” అని నెత్తి కొట్టుకున్నాడు. బాపు ఆ మాట వినలేదు. మెల్లగా బాపమ్మ వైపు తిరిగాడు.

“అవ్వా, నా విత్తనంల మంది కొమ్ము కలిపినవా?”

“కలుపుడేందిరా? నీ కుప్పల మురిగినయి తీసి పారేసిన. ఆ జాగ ఒట్టిగ ఉంచమంటవా? గట్టి కొమ్ము చూసి గా జాగల వెట్టిన. ఇన్నేండ్ల సంది వెడుతున్న, ఏనాడన్న నీ పంట చెడ్డదా?”

“ఇన్నేండ్ల సందా!” అన్నాడు బాపు. మీసం మీదికి పోబోయిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. పరాయి కొమ్ము ఒక్కటి కూడా లేని ఆయన విత్తనంలో ఆలూర్ దారిలో ఉన్న చేలన్నీ కొంచెం కొంచెం ఉన్నాయి. బాపు గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. నాకు ఆయన్ని చూస్తే జాలేసింది. పాతికేళ్ళ పేరు ఒక దూదిముక్కతో తుడిచేశాను కదా!

ముందుగా నవ్వింది మోర్తాడ్ పెద్దమనిషి. నవ్వి నవ్వి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. “అయితె తమ్మీ, నేను ఇన్నేండ్ల సంది మెచ్చుకున్న విత్తనం నీది కాదు, మీ అవ్వది. ఫికర్ జేయకు. అవ్వ చెయ్యి వెట్టిన గంపలే నాకు వేరే తియ్యి, గవే కావాలె నాకు” అన్నాడు. గ్రూపులో ట్రాక్టర్ మామ ‘రోగం లేదు, గోర్ల రంగు’ అని పెట్టాడు. దానికి వచ్చిన నవ్వు బొమ్మలు లెక్కపెట్టే ధైర్యం నాకు లేకపోయింది. బాపు ఆ రోజంతా మా ఇద్దరితోనూ మాట్లాడలేదు, కానీ మధ్యాహ్నం రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు.

సాయంత్రం బాపమ్మ దగ్గరికి వెళ్ళి, “నిన్ను అందరి ముందర అంగడిల వెట్టిన బాపమ్మా, తప్పయింది” అన్నాను. ఆమెకు కోపం రాలేదు. వింతగా చూసింది. “గంత తెలుసుకోవాలె అనుకుంటె కొమ్ములకు రంగులెందుకే? నాతోని రాకపోయినవా?” అంది.

అందుకే ఆదివారం వెళ్ళాను. పొద్దున్నే బాపమ్మ గోడ మీదుగా “అక్కా, వస్తున్నవా?” అని కేకేసింది. అటునుంచి “ఆ, వస్తున్న, ఆమెను పిలువు” అని జవాబు. ఆ కేక ఇంకో ఇంటికి, అక్కడినుంచి ఇంకో ఇంటికి. ట్రాక్టర్ మామ చేను గట్టు దగ్గరికి మేం ముందుగా చేరాం. మట్టిలో కళ్ళెదురుగానే ఉన్న ఒక కొమ్మును నేను చూపించినా బాపమ్మ వంగలేదు. గట్టు మీద కూర్చుంది. “ఏరవా?” అంటే, “ఒక్కదాన్నే ఏరుడేందే, పిచ్చిదాని లెక్క?” అంది. మరో నలుగురు ముసలమ్మలు వచ్చాకే ఐదుగురూ ఒకేసారి చేలోకి దిగారు. నా నోట్సులో నేను పరీక్షకు రాదని వదిలేసిన ఒక చిన్న పేరా ఉంది. కొన్ని బాక్టీరియా ఒంటరిగా ఉన్నప్పుడు బయటి డీఎన్‌ఏ జోలికి పోవు. ఒక్కొక్కటీ చుట్టూ ఒక చిన్న సంకేతం వదులుతుంటుంది. చుట్టుపక్కల మంది ఎక్కువై ఆ సంకేతం చిక్కబడితే, అప్పుడు అన్నీ కలిసి పోగులు గుంజుకోవడానికి తయారవుతాయి. గోడల మీదుగా పోయే ఆ కేకను నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను, ఒక్కసారైనా పట్టించుకోలేదు.

ఏరుతూ బాపమ్మ చెప్పింది: “మేం వయసుల ఉన్నప్పుడు తవ్వేటోల్లం బిడ్డా. పదిమందిమి వరుసకు నిలవడి, ముచ్చట్లు జెప్పుకుంట, ఒకరినొకరు తిట్టుకుంట మాపటిదాక తవ్వేటోల్లం. ఇప్పుడు ట్రాక్టర్ వచ్చి గంటల తవ్వి పోతది. మాతోని పనేమున్నది? అందరం కల్సి జేసే పని గీ పరిగె ఒక్కటే మిగిలింది.”

“మరి తినడానికి, పూడ్చడానికి, పెరట్లో పెట్టి చూడడానికి అన్నావు కదా?”

“గవన్ని తెచ్చినంక ముచ్చట్లే. కొమ్ము దొరికిందా, తెస్త. ఇంటికి పొయ్యినంక దాన్ని చూస్త. విరిగినదైతె ఉడకేస్త, గట్టిదైతె విత్తనంల వెడత, వింతగుంటె నాటుత. ముందుగల్లనే గన్ని ఆలోచనలు జేసి ఎవరన్న ఇల్లు కదులుతరానే?”

ఆ రోజు రెండు గంటలు వంగి నేను ఏరింది ఒక కొమ్ము, ఒక రాయి. రాయిని కొమ్మనుకుని చున్నీ కొంగున కట్టుకున్నానని ఐదుగురు ముసలమ్మలూ నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. నాకు చాలా సంతోషంగా అనిపించింది, ఎందుకో చెప్పలేను.

సోమవారం ప్రిన్సిపాల్ సార్ నన్ను చూడగానే ఫోను తీసి ఫోటో చూపించారు. “ఈ రోగం మీ ఇంటిదేనా అమ్మా?” ఆయనదీ పసుపు పండించే ఇల్లే, ఆయనా ఆ గ్రూపులోనే ఉన్నారు. దాచేదేముంది? క్లాసు అక్కడినుంచే మొదలుపెట్టాను. బాపమ్మ కథంతా చెప్పి, మూడు కారణాలూ చెప్పి, మంది కూడితేనే చేలో దిగడం చెప్పాను. లోపలికి తీసుకోవడం ఒక పని, తీసుకున్నాక దాన్ని ఏం చేస్తుందన్నది ఇంకో పని, నేను రెండింటినీ ఒకటే అనుకుని వారమంతా తిప్పలు పడ్డాను అని చెప్పాను. రెండు జడల అమ్మాయి చెయ్యెత్తనే ఎత్తింది.

“అయితె అసలు జవాబు ఏది మేడం?”

“తెలియదమ్మా” అన్నాను. “ఒక్కో బాక్టీరియాకు ఒక్కోటి కావచ్చు. పెద్దవాళ్ళే ఇంకా తగువులాడుకుంటున్నారు.” ‘తెలియదు’ అన్న మాట నా నోట రావడం అదే మొదటిసారి. అంటే చచ్చిపోతానేమో అనుకునేదాన్ని, ఏమీ కాలేదు. అమ్మాయి దాన్ని పుస్తకంలో రాసుకుంది. ఉద్యోగం నాకే వచ్చింది. నిజాయితీకి మెచ్చి ఇచ్చారని చాలా రోజులు మురిసిపోయాను. రెండో క్యాండిడేట్‌కు కామారెడ్డిలో పని దొరికి ఆ రోజు రానేలేదని ఆరు నెలల తర్వాత అటెండర్ చెప్పాడు.

ఇప్పటికీ ఆ కాలేజీలోనే ఉన్నాను. బాపమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఆమెతో నేను పరిగెకు వెళ్ళింది ఆ ఒక్క ఆదివారమే. మళ్ళీ వెళ్దామని ప్రతి ఏడూ అనుకునేదాన్ని. క్లాసులు, పరీక్షలు, పెళ్ళి, పాప. ఆమె ఎప్పుడూ రమ్మని పట్టుబట్టలేదు, నేను ఎప్పుడూ వెళ్ళలేదు. పాఠం వచ్చినప్పుడల్లా మాత్రం ఆమె కథ చెప్పకుండా ఉండలేను, పిల్లలు కూడా సిలబస్ కంటే అదే శ్రద్ధగా వింటారు.

మొన్న ఇంటర్నల్ పరీక్షలో అదే ప్రశ్న ఇచ్చాను. నేనే రాసిన కీలో మూడు కారణాలు, మూడు మార్కులు. ఒక అబ్బాయి మొదటి రెండు కారణాలు బాగానే రాసి, మూడోది మర్చిపోయినట్టున్నాడు, దాని చోట ఇలా రాశాడు: ‘3. తోడు దొరికింది కాబట్టి.’ ఇరవైమూడేళ్ళప్పటి నేనైతే ఆ వాక్యాన్ని ఎర్రపెన్నుతో రెండుసార్లు కొట్టేసి, పక్కన ‘ఆధారం?’ అని రాసేదాన్ని. ఆ పొగరుబోతు పిల్లను తలుచుకుని కాసేపు నవ్వుకున్నాను. నవ్వు ఆగాక కూడా పేపరు తిప్పబుద్ధి కాలేదు. మూడుకు మూడూ వేశాను.